సైరన్‌ను నిద్రపుచ్చిన తొట్టి

మాదేశ్ ఊపిరాడక గిలగిల్లాడుతున్న సమయంలో, అతనున్న గది పేరు పక్కన ధర్మపురి కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద పచ్చదీపం నిశ్చింతగా వెలుగుతోంది.

కారిమంగళం సంత మైదానం వెనక నీటి శుద్ధి ప్లాంట్. అందులో క్లోరిన్ సిలిండర్లుండే గది. తలుపుకు బయట గడియ పడింది. లోపల ఒక వాల్వ్ తెరిచి ఉంది. క్లోరిన్ లీకైతే సెన్సర్ పసిగట్టాలి. కంట్రోల్ రూమ్‌లోని మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ అలర్ట్ ఇవ్వాలి. వెంటనే సైరన్ మోగి, వాల్వ్ దానంతటదే మూసుకుని, పెద్ద ఫ్యాన్ తిరగాలి. ఆ ఏర్పాటంతా మాదేశ్ చేసిందే. తను పెట్టిన సైరన్ మోగుతుందని చివరిదాకా నమ్మాడు, పిచ్చివాడు.

"ఇంకా తలుపు కొడతా ఉన్నాడు," అన్నాడు బయట నిలబడ్డ మనిషి ఫోన్‌లో. కాస్త ఆగి, "ఇప్పుడు లేదు," అన్నాడు.

"స్క్రీన్ పచ్చగానే ఉంది. టెస్ట్ పాస్," అంది అవతలి గొంతు.

వారం తిరగకుండా బెంగళూరులో ఒక మూతపడ్డ ట్రావెల్స్ ఆఫీసు మేడమీద భూపతి తన చీఫ్ ఎదుట కూర్చున్నాడు. భూపతిది ధర్మపురి. గూఢచారి విభాగంలో చేరాక తొమ్మిది రకాల మనుషులుగా బతికాడు గానీ, సొంత ఊరి పని ఎప్పుడూ పడలేదు. చీఫ్ పేరు రంగనాథన్. సన్నగా, శుభ్రంగా ఉంటాడు. జాలి అనే సరుకు ఆయన దగ్గర దొరకదు.

"సర్వీస్ డిపెండెన్సీ అంటే తెలుసా?"

"తెలియదు సార్."

"రోడ్డు తెగిపోతే బస్సు రాలేదని ఊరంతా ఫోన్లు చేస్తారు. అన్ని ఫోన్లెందుకు? రోడ్డు తెగిందన్న ఒక్క ఫోను చాలు. సాఫ్ట్‌వేర్‌కి ఆ బుద్ధి నేర్పడమే డిపెండెన్సీ. నెట్‌వర్క్ పడిపోయిందా, దాని మీద ఆధారపడ్డ సెన్సర్లను చెక్ చేయకు, వాటి గురించి అరవకు. మంచి ఏర్పాటే. కానీ ఎవరో క్లోరిన్ సెన్సర్‌ను తీసుకెళ్ళి ప్లాంట్ బాత్రూమ్ మీది నీళ్ళ తొట్టికి ముడిపెట్టారు. తొట్టి ఖాళీ అయిందంటే సాఫ్ట్‌వేర్ క్లోరిన్‌ని చెక్ చేయడం మానేస్తుంది. స్క్రీన్ మీద పాత పచ్చదీపం అలాగే ఉండిపోతుంది."

"మాదేశ్ కనిపెట్టినాడా?"

"కనిపెట్టాడు. అందుకే అతని మీదే టెస్ట్ చేశారు. ఇది సరిహద్దు అవతలి ముఠా పని. వచ్చే సంత రోజు జనం నిండాక తొట్టి ఖాళీ చేస్తారు, వాల్వ్ తెరుస్తారు. ఇక్కడ ఎత్తు పారితే ప్రతి ఊళ్ళోనూ ఇదే చేస్తారు. వాల్వ్ మీద చెయ్యి పడ్డాక పట్టుకోవాలి. అంతవరకు డిపెండెన్సీని ముట్టుకోవద్దు."

భూపతి గొంతు సవరించుకున్నాడు. "ఆ ప్లాంట్‌లో నా చెల్లెలు యోగలక్ష్మి కూలిపని చేస్తాది సార్. ఆ గది ఊడ్చేది ఆమే. సంత రోజు లీవు పెట్టమంటాను."

"చెప్పవు. రోజూ వచ్చే మనిషి ఆరోజు రాకపోతే వాళ్ళకు అనుమానం వస్తుంది."

"తెలిసే నన్ను పంపుతా ఉండారా?"

"చెల్లెలు లోపలుంటే నువ్వు రెప్ప వాల్చవు. ఇంతకంటే మంచి ఏజెంట్ నాకెక్కడ దొరుకుతాడు?" అని రంగనాథన్ ఒక ఏసీ రిమోట్ ముందుకు తోశాడు. "టెంపరేచర్ తగ్గించే బటన్ నొక్కితే 'తొట్టి నిండుగా ఉంది' అని సాఫ్ట్‌వేర్‌కి నకిలీ రిపోర్టు పోతుంది. తొట్టి బాగుందనుకుంటే అది క్లోరిన్‌ని చెక్ చేస్తుంది. కానీ తొట్టిని మళ్ళీ చెక్ చేసినప్పుడల్లా నిజం బయటపడుతుంది. కాబట్టి నొక్కుతూనే ఉండాలి. లోపల మన ఏజెంట్ సరణ్య ఉంది. రిమోట్ సంగతి ఆమెకు కూడా చెప్పకు."

ఆ రిమోట్‌ను ఆయన మొహాన కొట్టాలన్నంత కోపం వచ్చింది భూపతికి. కొట్టలేదు. జేబులో పెట్టుకున్నాడు.

సంతకు ముందు రోజు అతను ఏసీ మెకానిక్ వేషంలో, నూనె మరకల చొక్కాతో, ధర్మపురి కంట్రోల్ రూమ్ మెట్లెక్కాడు. తలుపు తీసిన అమ్మాయిని చూసి సంచి దించడం మరిచిపోయాడు. నల్ల కుర్తా, కాటుక కళ్ళు, మెడ తిప్పితే మెరిసే చిన్న లోలాకులు. ఆ గదిలో ఏసీ పాడైనా ఎవరూ బయటికి పోయి ఉండరు.

"గ్యాస్ తగ్గిందా?" అన్నాడు.

"గ్యాస్ ఉంది. చల్లదనమే లేదు," అంది సరణ్య. కోడ్ సరిపోయింది.

ఇద్దరే మిగిలాక ఆమె తెలుగులోకి దిగింది. "మాది మహేంద్రమంగళం అన్నా. మా నాయన టమోటా పెడతాడు. పాలక్కోడు గవర్నమెంట్ స్కూల్లో అరవంలోనే చదివినాను. ఇంట్లో మాత్రం మన మాటే."

భూపతికి ప్రాణం లేచొచ్చింది. ఇంటి మాట విని ఎన్నాళ్ళయిందో. ఆమె కాన్ఫిగరేషన్ తెరిచి క్లోరిన్ సెన్సర్ పక్కన తొట్టి పేరు చూపించింది. "నువ్వేం భయపడొద్దన్నా. మీ చెల్లెల్ని నేను చూసుకుంటాను," అంది. చెల్లెలి సంగతి కూడా చీఫ్ ఈమెకు చెప్పేశాడని అతను చిన్నబుచ్చుకున్నాడు.

సంత రోజు మధ్యాహ్నం సరణ్య షిఫ్ట్ వాళ్ళందరినీ భోజనానికి పంపేసింది. భూపతి ఏసీ మూత విప్పి, నిచ్చెన మీద నిలబడ్డాడు. అప్పుడే ఫోన్‌కు చీఫ్ నుంచి మెసేజ్ వచ్చింది. చూస్తే అంతా తెలుగు అక్షరాలు. భూపతికి తెలుగు మాట్లాడడమే వచ్చు. బడిలో చదివింది తమిళం, పై చదువు ఇంగ్లీషు. ఆ గుండ్రటి అక్షరాలు అతనికి ముగ్గుల్లా కనిపించాయి.

"ఇదేంది, మా సారుకు పిచ్చి పట్టినట్టుంది," అని గొణుక్కుంటూ కిందికి దిగాడు.

సరణ్య ఫోన్ అందుకుని గబగబా చదివింది. "'అంతా సవ్యంగా ఉంది. సరణ్య చెప్పినట్టు నడుచుకో' అని పెట్టినారు."

"ఎంత బాగా చదువుతావు. ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా అవ్వ నేర్పింది."

భూపతి నవ్వి మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. రెండో మెట్టు మీదే ఆగిపోయాడు. వందల ఏళ్ళుగా ఈ జిల్లాలో ఇంట్లో తెలుగు, బయట తమిళం. ఈ పక్క అవ్వలు తెలుగులో తిడతారు, తెలుగులో ఏడుస్తారు, కాగితం మీద మాత్రం వేలిముద్ర వేస్తారు. మహేంద్రమంగళంలో తెలుగు చదవడం నేర్పే అవ్వ ఎక్కడుంది? ఈ పిల్లకు తెలుగు నేర్పింది అవ్వ కాదు. ఏదో దేశంలో ఏదో మాస్టారు, బల్లల ముందు కూర్చోబెట్టి, అక్షరాలతో మొదలుపెట్టి, చక్కగా నేర్పాడు. ఇక్కడి మాట తీరు కూడా నేర్పాడు. ఇక్కడివాళ్ళకు చదవడం రాదని చెప్పడం మరిచాడు.

టూల్స్ మరిచానని చెప్పి, వరండాలోకి పోయి చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"మెసేజ్ చదివి కూడా నాకెందుకు చేస్తున్నావు?" అన్నాడు రంగనాథన్. "మాదేశ్ పాస్‌వర్డ్‌తో సెన్సర్‌ను తొట్టికి ముడిపెట్టింది సరణ్యే. ఆమెను నమ్మవద్దని రాశానుగా. అరవం అయితే ఆమె పక్కనుంచి చదివేస్తుందని తెలుగులో రాశాను."

"నాకు తెలుగు చదవను రాదు సార్."

"నీ ఫైల్‌లో మాతృభాష తెలుగు అని ఉంది."

"మాట్లాడేదానికి సార్." భూపతి పళ్ళు కొరికాడు. "నా చెల్లెల్ని బయటికి రప్పిస్తాను."

"వద్దు. సరణ్య మనిషి అంజప్ప, ప్లాంట్ సూపర్‌వైజర్, ఇంకా వాల్వ్ ముట్టుకోలేదు," అని రంగనాథన్ పెట్టేశాడు.

చెల్లెలి నంబరు అతని బొటనవేలి కిందే ఉంది. నొక్కలేదు. ఇది అతను ఎవరికీ చెప్పుకోలేని పని.

లోపలికొచ్చి నిచ్చెన ఎక్కేసరికి స్క్రీన్ మీద తొట్టి ఎర్రబడింది. రిమోట్ నొక్కాడు. పచ్చబడింది. కాసేపటికి మళ్ళీ ఎర్రబడింది. మళ్ళీ నొక్కాడు. అసలు తొట్టిలో అప్పటికే చుక్క నీళ్ళు లేవు.

"ఎన్నిసార్లు నొక్కుతావన్నా? చలి పెడతా ఉంది," అంది సరణ్య.

అని స్క్రీన్ మీది తొట్టి వైపు చూసింది. రిమోట్ వైపు చూసింది. చాలా తెలివైన పిల్ల. నిచ్చెనను ఒక్క తన్ను తన్నింది. భూపతి కిందపడ్డాడు. రిమోట్ జారి సర్వర్ ర్యాక్ కిందికి పోయింది. తొట్టి ఎర్రగా మారి, ఎర్రగానే ఉండిపోయింది. క్లోరిన్ పక్కన దీపం మాత్రం పచ్చగా ఉంది.

సరణ్య చేతిలో చిన్న పిస్టల్, చెవి దగ్గర ఫోన్. "అంజప్పా, ఆ ఊడ్చే ఆమెను లోపల పెట్టి గడియ వెయ్యి. వాల్వ్ తెరువు. ఆమే తెరిచిందని అనుకుంటారు."

భూపతి ర్యాక్ కింద చెయ్యి పెట్టాడు. ఆమె మడమతో ఆ చేతిని తొక్కింది. రెండు వేళ్ళు పుటుక్కుమన్నాయి.

"నా మీద కోపం పెట్టుకోవద్దన్నా," అంది మెత్తగా. "నేను తలుపు మాత్రమే వేయించినాను. ఆమెను ఆ గదిలో ఉంచింది మీ సారు. ఊరుకున్నది నువ్వు."

ఫోన్‌లోంచి తలుపు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "అన్నా," అని కాదు, "అమ్మా," అని అరుస్తోంది యోగలక్ష్మి. తర్వాత దగ్గు.

విరిగిన వేళ్ళు పనికిరాలేదు. మిగిలిన వేళ్ళలో ఒకదానికి రిమోట్ తగిలింది, దానితోనే బటన్ మీద బలంగా నొక్కాడు.

తొట్టి పచ్చబడింది. సాఫ్ట్‌వేర్ తన ధర్మం ప్రకారం క్లోరిన్‌ని మళ్ళీ చెక్ చేసింది. స్క్రీన్ అంతా ఎర్రబడింది. ఫోన్‌లోంచి సైరన్ కూత రాగానే సరణ్య తల అటు తిరిగింది. భూపతి ఏసీ ఇనుప మూత ఎత్తి ఆ అందమైన మొహం మీద కొట్టాడు. రెండోసారి కొట్టాల్సిన అవసరం లేదు. అయినా కొట్టాడు.

ప్లాంట్‌లో వాల్వ్ మూసుకుంది. ఫ్యాన్ తిరిగింది. సైరన్ విని గోడ దూకి వచ్చిన సంత జనానికి గడియ వేసిన తలుపు, లోపల మనిషి చప్పుడు, బయట మాస్క్ వేసుకున్న అంజప్ప కనిపించారు. పశువులు తోలుకొచ్చినవాళ్ళు. చేతుల్లో కర్రలున్నాయి. రంగనాథన్ మనుషులు వచ్చేసరికి అంజప్పకు సంకెళ్ళు వేయడానికి సరైన చెయ్యి మిగల్లేదు.

మూడో రోజు ఆసుపత్రిలో యోగలక్ష్మి మాట్లాడగలిగింది. గొంతు పోయింది, గాలి మాత్రమే వస్తోంది. డాక్టర్లు ఊపిరితిత్తులు సగం బాగుపడతాయన్నారు. భూపతి కట్టు కట్టిన చేత్తో బత్తాయి రసం గ్లాసు పట్టుకున్నాడు.

"ఆ రోజు ధర్మపురిలోనే ఉండావంట కదా. నీకు ముందే తెలుసునా అన్నా?"

అబద్ధమాడడం అతని ఉద్యోగం. ఆ ఒక్కరోజు చేతకాలేదు.

"తెలుసు."

ఆమె అతని చేతిలోని గ్లాసు తీసుకుని పక్క మంచం మీది ముసలామెకు ఇచ్చింది.

"సంత జనమంతా బతికినారు యోగా," అన్నాడు.

"మంచిది," అంది ఆమె. "ఇంక వాళ్ళ ఇంట్లోనే అన్నం తిను."