మొహాలు మింగే ఇల్లు

కీలుంగ్ రేవు వెనక కొండ మీద, మెట్లదారి మలుపులో ఒక పాత ఇటుకల మేడ ఉంది. దాని ముందు నిలబడి ఫోటో తీయించుకుంటే మొహం మిగలదని ఊళ్లో అంటారు. తీసినప్పుడు బాగానే ఉంటుందట... ఇంటికెళ్లి చూసుకుంటే నల్లటి నీడే. ఇల్లు మొహాన్ని మింగేస్తుందట.

ఫాన్ యూలిన్ ఆ మాటలు విని నవ్వేది. పడవల మీద, పెళ్లిళ్లలో ఏడేళ్లుగా ఫోటోలు తీస్తోంది. ఇల్లు మింగడమేమిటి!

అందుకే లియావ్ అవ్వ అడగ్గానే ఒప్పుకుంది. రేవు బజారులో చేపవుండల సూపు అమ్ముకునే ఆ అవ్వ పుట్టింది ఆ మేడలోనే. రోడ్డు వెడల్పు కోసం దాన్ని కూలగొడుతున్నారు. ఆ లోపు గుమ్మం ముందు ఒక్క ఫోటో కావాలంది. తన కోసం కాదు, ఆసుపత్రిలో మంచం పట్టిన అక్క కోసం.

"అక్కకి చూపు మసక. మొహం స్పష్టంగా పడాలమ్మాయ్," అంది.

దుకాణం కట్టేసి అవ్వ కొండెక్కేసరికి చీకటి పడింది. మేకులు కొట్టేసిన తలుపు ముందు ఆమె నిలబడింది. యూలిన్ కెమెరాని స్టాండు మీద బిగించి తీసింది. దాని వెనక తెరలో చూస్తే అవ్వ మొహం తెల్లగా మెరిసిపోతోంది. వెలుగు ఎక్కువైందేమోనని కాస్త తగ్గించి మళ్లీ తీసింది. చక్కగా వచ్చింది.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిచింది.

నలుపు.

అవ్వ చొక్కా నలుపు కాదు, వెనక తలుపు నలుపు కాదు... బొమ్మంతా నలుపే. అందులో ఎక్కడో రెండు కళ్లు మాత్రం తడిగా—

యూలిన్ కంప్యూటర్ తెర వెలుగు పెంచింది. నలుపు బూడిదరంగైంది, అంతే. తీగ మార్చింది. ఆపి మళ్లీ వేసింది. అదే నలుపు. పళ్లు కొరుక్కుంటూ పడుకుంది.

మర్నాడు చూపిస్తే అవ్వ కళ్లజోడు సవరించుకుని, "ఇది నా మొహమా, కాల్చిన వంకాయా?" అంది.

సూపు తాగుతున్నవాళ్లు నవ్వారు. ఒకాయన గిన్నె దించి, "ఆ ఇల్లు మింగేసింది. ముందే చెప్పాం కదా," అన్నాడు.

ఆ సాయంత్రం మళ్లీ ఎక్కారు. ఈసారి మేడ పక్కన కూల్చే యంత్రం వచ్చి ఉంది. పొడుగాటి చెయ్యి గోడ మీదికి చాచి, తెల్లారడం కోసం కాచుకున్నట్టు ఉంది. సన్నగా వాన. యూలిన్ జాగ్రత్తగా తీసింది. తీసిన ప్రతిసారీ తెరలో చూసుకుంది. ప్రతిదీ వెలిగిపోతోంది.

ఇంటికొచ్చి తెరిస్తే... నలుపు.

కుర్చీ వెనక్కి తోసేసి లేచింది. ఏడుపొచ్చేంత కోపం. పొద్దున్నకల్లా ఇల్లే ఉండదు. మూడోసారి ఎక్కడ తీస్తుంది?

భర్త హాంగ్‌షెంగ్ వంటింట్లోంచి తొంగి చూశాడు. "ఏం, మీ దెయ్యం మళ్లీ తినేసిందా?"

"వెటకారం ఆపు. కెమెరాలో పట్టపగల్లా ఉంది. ఇక్కడ చూడు."

అతను కెమెరా అందుకుని, గదిలో దీపం ఆపేశాడు. చీకట్లో ఆ చిన్న తెర కళ్లు చెదిరేలా వెలిగింది.

"దీని వెలుగు ఆఖరికంటా ఎందుకు పెంచావ్?"

"పడవల మీద... ఎండలో ఏమీ కనపడదని."

"అది తగ్గించకుండా చీకట్లోకి తీసుకెళ్లావ్. చీకట్లో అగ్గిపుల్ల కూడా సూర్యుడే. తెర వెలుగు చూసి ఫోటో వెలుగనుకుని, ఇంకా తగ్గించి తీశావ్. ఫోటో పక్కన కెమెరా వెలుగు లెక్కని గీతల్లో చూపిస్తుంది కదా, అది చూడాలి. ఆ ఇంటి దగ్గర ఫోటోలకని కుర్రాళ్లంతా పోయేది చీకటి పడ్డాకే. మరి నల్లగా రాక ఏమొస్తాయ్?"

యూలిన్ నెత్తి కొట్టుకుంది. ఇంతేనా... ఇంతమాత్రానికా రెండు రోజులు!

"పోలేదులే," అన్నాడతను. "కంప్యూటర్‌లో నీడల వెలుగు పెంచే గీతని పైకి లాగు. లోపల అంతా ఉండే ఉంటుంది."

ఆమె మెల్లగా లాగింది. నలుపులోంచి ముందు గుమ్మం వచ్చింది. తర్వాత అవ్వ పూల చొక్కా. తర్వాత ముడతలతో సహా ఆమె మొహం. యూలిన్ ఊపిరి పీల్చుకుంది. ఇంకొంచెం లాగింది... ఇటుకలు... మేడ మీది కిటికీ...

ఆమె చెయ్యి ఆగిపోయింది.

కిటికీలో ఎవరో ఆడమనిషి.

రెండు చేతులూ చట్రం మీద ఆనించి, వంగి, సూటిగా కెమెరా వైపే చూస్తోంది.

"నీకు కనపడుతోందా?" అంది తెర వైపు చూపిస్తూ.

హాంగ్‌షెంగ్ మొహంలో వెటకారం పోయింది. "మనిషే..." అన్నాడు. "లోపల మనిషి ఉంటే— పొద్దున్నే యంత్రం..."

ఇద్దరూ వానలో పరుగెత్తారు. దారిలో అవ్వని లేపారు. ఆమె ఒక్క ప్రశ్న వెయ్యకుండా దుకాణంలోని గునపం తీసుకుని వెంట వచ్చింది.

మేడ ముందు నిలబడి పిలిచారు. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. లోపల ఎక్కడో... టక్... టక్... రేకు మీద కొట్టినట్టు. హాంగ్‌షెంగ్ తలుపు పెకలించాడు.

వెనక వంటింట్లో, విరిగిన పొయ్యి పక్కన, ఒక అమ్మాయి పడి ఉంది. కాలు వాచిపోయింది. చేతిలో చెంచా, పక్కన రేకు డబ్బా. పేరు తుయెట్ అంది. చేపల కొట్లో పనికి వియత్నాం నుంచి వచ్చిందట. యజమాని కొడుతుంటే పారిపోయి, వెనక గోడ దూకి ఇందులో దాక్కుంది. దూకినప్పుడే కాలు విరిగింది.

"అరవడానికి భయం... పోలీసులేమోనని," అంది వణుకుతూ.

అవ్వ తన పైకోటు విప్పి కప్పింది. "ఇంక ఎవరూ కొట్టరులే. ఏమైనా తిన్నావా?" అంది.

యూలిన్ ఆ అమ్మాయి పక్కన కూలబడింది. "నిన్ను ఫోటోలో చూశాం కాబట్టి సరిపోయింది. అంత కాలుతో మేడెక్కి కిటికీలో నిలబడ్డావా తల్లీ?"

తుయెట్ అర్థం కానట్టు చూసింది. "ఏ కిటికీ?"

"పైన..."

"నేను ఇక్కణ్నించి కదల్లేదు అక్కా."

హాంగ్‌షెంగ్ టార్చి పైకెత్తాడు. వెలుగు ఎక్కడా ఆగకుండా తిన్నగా పైకప్పు పెంకుల దాకా వెళ్లింది. మెట్లు లేవు. మేడ మీద అసలు నేలే లేదు. దూలాలు ఎప్పుడో కుళ్లి రాలిపోయాయి. ముందు గోడలో, అంత ఎత్తున, కిటికీ ఒక్కటే ఉంది... కాలు పెట్టడానికి జానెడు చోటైనా లేకుండా.

పెంకుల మీద వాన చప్పుడు.

లియావ్ అవ్వ తలెత్తి ఆ కిటికీ వైపు చూసింది. తర్వాత, పక్కింటి మనిషికి చెప్పినట్టు, మెల్లగా అంది:

"దొరికిందమ్మా... పిల్ల దొరికింది. ఇంక నువ్వు దిగు."