రెండు కన్నాల వదులు

ఉదయం పదకొండుకి లిఫ్టు ఎక్కిన ఆఫీసర్ నాలుగో అంతస్తులో దిగలేదు. తలుపు తెరిచేసరికి గోడకి ఆనుకుని పోయి ఉన్నాడు. నెలలో మూడో చావు. మూడుసార్లూ డాక్టర్ గుండెపోటు అనే రాశాడు.

చీఫ్ ఏజెంట్ నంబర్ తొమ్మిదిని పిలిచాడు.

"ఏం కనిపించిందయ్యా?"

"పోయినాయన చెయ్యి నున్నగా ఉంది సార్."

"అంటే?"

తొమ్మిది చీఫ్ మణికట్టు వైపు వేలు చూపించాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన రబ్బరు బెల్టు కింద ఎర్రగా కందిపోయి ఉంది. స్మార్ట్‌వాచ్ కట్టినవాళ్ళందరికీ అంతే. చెమట, దురద. సందు దొరికితే విప్పి జేబులో వేసుకుంటారు.

"పోయిన ముగ్గురికీ మెత్తటి గుడ్డ బెల్టు సార్. విప్పాలనే అనిపించదు."

ల్యాబ్‌లో ఆ బెల్టు కోశారు. నేతలో విషం పూసిన వెంట్రుకంత సూది. రిమోట్ నొక్కితే లేస్తుంది, ఒంటికి అతుక్కుని ఉంటే నాడిలో దిగుతుంది. డిపార్ట్‌మెంట్‌లో ఇంకా పదకొండు మంది చేతులకి అలాంటివే ఉన్నాయి. పని వేళలో ఒకటి విప్పినా అవతలివాడికి తెలుస్తుంది, మిగతావన్నీ ఒకేసారి నొక్కేస్తాడు. శత్రువు వైర్‌లెస్‌లో దొరికిన కబురు ప్రకారం అందరికీ ముహూర్తం సాయంత్రం అయిదు.

"కుట్టిందెవరు?" అన్నాడు చీఫ్.

తొమ్మిది అంచు తిరగేశాడు. దారం ముడి ఒంటికి ఒరుసుకోకుండా మడత లోపల దాచి ఉంది. అలా కుట్టే మనిషిని అతను ఒక్కరినే ఎరుగును. అతని చొక్కా కఫ్ కింద పన్నెండో బెల్టు ఉంది.

"మా ఆవిడ సార్."

ఆవిడా ఒకప్పుడు ఈ డిపార్ట్‌మెంట్ ఏజెంటే. ఆమె నవ్వితే శత్రువు అడిగించుకోకుండా అడ్రస్ చెప్పేవాడు. పెళ్ళయ్యాక బెల్టుల కొట్టు పెట్టుకుంది.

నాలుగూ యాభైకి పెట్టుడు మీసంతో తొమ్మిది ఆ కొట్టులోకి వెళ్ళాడు. వైర్‌లెస్‌లో దొరికిన కోడ్ చెప్పాడు.

"తోలు బెల్టు చెమటకి ఆగదట."

ఆమె తలెత్తింది. "గుడ్డదైతే ఆగుతుంది." తర్వాత గొంతు తగ్గించి, "మీసం ఎడమ పక్క లేచింది. వెళ్ళిపోండి."

అతను కదల్లేదు.

వెనక గది తెర తొలగింది. బూడిదరంగు కోటువాడు ఒక చేత్తో పిస్తోలు, ఇంకో చేత్తో రిమోట్ పట్టుకుని వచ్చాడు.

"మీ ఆయనేనా? ముందు ఈయన సంగతి చూద్దాం. తర్వాత ఆ పదకొండు."

పన్నెండో బటన్ నొక్కాడు. తొమ్మిది చేతి మీద సన్నగా టిక్‌మంది. సూది లేచి, వదులు బెల్టుకీ చేతికీ మధ్య దూరిన కఫ్ గుడ్డలో గుచ్చుకుంది. మనిషి నిలబడే ఉన్నాడు. కోటువాడు బిత్తరపోయిన ఆ ఒక్క క్షణం చాలింది. తొమ్మిది విసిరిన ఇనుప స్టూలు వాడి మోకాళ్ళు విరిచింది. రిమోట్ నేల మీద పడింది. ఆమె దాన్ని కుట్టుమిషన్ పాదం కింద పెట్టి తొక్కింది. గోడ గడియారంలో అయిదుకి ఒక సెకను తక్కువ.

అప్పుడు పొద్దున సంగతి అతనికి తట్టింది. రోజూ ఆమే అతనికి బెల్టు కట్టి, కింద వేలు దూర్చి చూసేది. ఇవాళ రెండు కన్నాలు వదిలేసింది. జారిపోతోందని అతను విసుక్కున్నాడు.

"చెయ్యి వాచింది, కాస్త గాలి ఆడనివ్వండి" అంది పొద్దున.

"ఎప్పటి నుంచి వాళ్ళ మనిషివి?" అన్నాడు తొమ్మిది.

"మీరు పరిచయం కాకముందు నుంచి."

"మరి పెళ్ళి?"

"అదొక్కటే వాళ్ళు చెప్పింది కాదు."

"ఆ ముగ్గురికి వదులు చెయ్యలేకపోయావా?"

ఆమె చేతులు చాపింది. "మీ ఒక్కరికే చేతనైంది. కానివ్వండి."

అతను బేడీలు వేశాడు. తర్వాత ఇనుము కింద వేలు దూర్చి చూశాడు. బిగుతుగా అనిపించి బేడీని ఒక పన్ను వదులు చేశాడు. అప్పుడు గానీ ఆమె ఏడవలేదు.

మర్నాడు డిపార్ట్‌మెంట్ కొత్త రబ్బరు బెల్టు ఇచ్చింది.

"ఎలా ఉందయ్యా?" అన్నాడు చీఫ్.

"దురదగా ఉంది సార్" అన్నాడు తొమ్మిది. "నమ్మొచ్చు."