ఉప్పు సరిపోయిందా

మధ్యాహ్నం కాగానే కాకినాడ మేడల్లో వంటగొట్టాలన్నీ ఒక్కసారే గుర్రుమన్నాయి. పళ్ళాల్లోకి బూడిదరంగు సంపూర్ణముద్ద దిగింది. మార్కండేయులు కాస్త నోట్లో పెట్టుకున్నాడు. నాలుక మీది రుచిపొర దాన్ని క్షణంలో గుత్తివంకాయ చేసేసింది.

"అబ్బ! నూనె తేలుతోందే," అన్నాడు కళ్ళు మూసుకుని.

ఎదురుగా కూర్చున్న భార్య శశిరేఖ తన ముద్దని వేలితో అటూ ఇటూ జరిపింది. "నాకు తడిసిన సుద్ద తేలుతోందండీ."

రుచిపొర వచ్చాక ఊళ్ళో పొయ్యి వెలిగించినవాళ్ళు లేరు, కూరకి వంక పెట్టినవాళ్ళూ లేరు. ఆ పొర నాలుక మీద కొత్తగా పుట్టే కణాలని పట్టుకుని బతుకుతుంది. శశిరేఖకి లింఫోమా అనే క్యాన్సర్ వచ్చి మందు మొదలుపెట్టాక, జుట్టుతోపాటు పొర కూడా ఊడి వచ్చేసింది.

"జుట్టు పోతుందన్నారు, సరే. పొర సంగతి చెప్పలేదేం?" అని సాయంత్రం ఆస్పత్రిలో డాక్టర్ నఫీసాని నిలదీసింది.

"అది మాకూ తెలీదమ్మా. పొర కొత్తది, మందు పాతది. ఆల్కైలేటింగ్ మందులంటారు వీటిని. కణం రెండు కావాలంటే లోపలి డీఎన్‌ఏ జిప్పులా విడిపోవాలి. ఈ మందు జిప్పు రెండు వైపులనీ కలిపి కుట్టేస్తుంది. విడిపోలేక కణం చచ్చిపోతుంది."

"మంచిదేగా?"

"మంచిదే. కానీ దానికి తనా పరా తేడా లేదు. త్వరగా పెరిగే కణం ఏది కనబడినా కుట్టేస్తుంది. క్యాన్సర్‌దీ, జుట్టుదీ, నోటిదీ, ఎముకల్లో రక్తం తయారుచేసేదీ. అందుకే ఈ వికారం, నీరసం. జ్వరం తగిలితే మాత్రం వెంటనే రావాలి."

"మా పాత టైలరూ అంతే. జాకెట్ ఇస్తే చేతులు కూడా కలిపి కుట్టేసేవాడు."

డాక్టర్ నవ్వింది. తూకం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. "ఇంకో రెండు కిలోలు తగ్గితే తర్వాతి డోసు ఇవ్వలేను. ఇప్పుడు ఆపితే జబ్బు మళ్ళీ లేస్తుంది. ఏదో ఒకటి తినాలి. నోట్లో పుళ్ళు లేవు కాబట్టి పులుపు ఫరవాలేదు. బాగా మరిగించి ఇవ్వండి," అంది పక్కనున్న మార్కండేయులుతో.

మార్కండేయులు ఊరంతా తిరిగాడు. చింతపండు ఇప్పుడు ఇత్తడి కుందులు తోమడానికే అమ్ముతున్నారు. మర్నాడు అటక మీది పాత పొయ్యి దించి చారు కాచాడు. రుచి చూసి, "అమృతం!" అన్నాడు.

శశిరేఖ ఒక గుక్క తాగి గ్లాసు దించేసింది. "ఉప్పే వెయ్యలేదు కదండీ."

"నాకు సరిపోయిందే!"

"మీకు సముద్రాన్ని గ్లాసులో పోసిచ్చినా సరిపోతుంది."

ఆ తర్వాతి రోజూ అంతే. గుప్పెడు ఉప్పు పడినా ఆయన పొర దాన్ని సర్దేసి అమృతమే అంది. శశిరేఖ వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తింది. తిరిగి వస్తుంటే గాజులు మోచేతిదాకా జారాయి. ఆ గాజులు ఆయన కంటపడ్డాయి. ఆ సాయంత్రం చాలాసేపు అద్దం ముందు నాలుక చాపుకుని నిలబడ్డాడు. ఆ వయసులో పొర ఒకసారి తీస్తే మళ్ళీ అంటుకోదు.

మరుసటి మధ్యాహ్నం మళ్ళీ చారు.

"ఉప్పెక్కువైంది," అంది శశిరేఖ.

"ఎక్కడే? సరిగ్గానే ఉంది."

"ఎక్కువైందంటుంటే!"

"ఆ, ఓ చిటికెడు. చిటికెడుకే ఇంత రభసా?"

గ్లాసు ఆవిడ పెదవుల దగ్గరే ఆగిపోయింది. పొర ఉన్నవాళ్ళకి ఉప్పు ఎన్నడూ చిటికెడైనా ఎక్కువ కాదు.

"నాలుక చూపించండి."

"ఏమిటే, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు..."

"చూపించండి."

చూపించాడు. పొర ఒలిచిన చోట ఎర్రగా, పచ్చిగా ఉంది. "ఇక మీకు గుత్తివంకాయ ఉండదుగా," అంది శశిరేఖ.

"నేర్చుకుంటాలే. వంకాయలు దేన్ని తోమడానికి అమ్ముతున్నారో కనుక్కోవాలి."

ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. చారులో కాసిని వేణ్ణీళ్ళు కలుపుకుని, అడుగుదాకా తాగి, గ్లాసు మళ్ళీ చాపింది.

తర్వాతి డోసు రోజున తూకం చూసి డాక్టర్ నఫీసా ఆశ్చర్యపోయింది. "ఏం తింటున్నారమ్మా?"

"గొడవ, డాక్టర్‌గారూ. రోజూ మధ్యాహ్నం, వేడివేడిగా."

మందు చుక్కచుక్కగా దిగడం మొదలైంది. మార్కండేయులు ఆవిడ కాళ్ళ మీద దుప్పటి సర్దుతూ, "నిన్న మాత్రం ఉప్పు సరిగ్గానే ఉంది," అన్నాడు.