కోత పండుగకు ముందే వచ్చిన బండి

పొద్దున్నే జ్ఞానమణి జొన్నరొట్టెలు కాలుస్తుంటే బయట హారన్ మోగింది. కోసిగిలో ఆ హారన్ తెలియని ఇల్లు లేదు. గుంటూరు మిరప కోతలకు మనుషుల్ని తీసుకుపోయే మేస్త్రీ పెద్ద ఈరన్నది.

"ఏమప్పా దావీదూ, ఈసారి కాయ ముందే పండింది. రెండు సీట్లే ఉండాయి, బిన్నా రాండి!"

దావీదురాజు మోకాళ్లు పట్టుకుని లేచి కూతురి వైపు చూశాడు. "ఈ ఏడు సుగ్గి వలసకు పోవద్దు నాయనా, ఇల్లు నేను చూసుకుంటా" అని జీవిత ముందే మాటిచ్చి ఉంది. ఆమె ఇంట్లోనే కూర్చుని ఒక విదేశీ కంపెనీకి బొమ్మలు గీసి పంపుతుంది. వాళ్లు జీతం క్రిప్టో నాణేల్లో ఇస్తారు.

"దుడ్లు యాడుండాయే?" అడిగింది జ్ఞానమణి.

"వస్తాండాయమ్మా. అవి చిన్న నెట్‌వర్క్‌లో ఉండె. పెద్ద బ్లాక్‌చెయిన్‌లోకి తెస్తేనే రూపాయలు చేసుకునేదానికయ్యేది. నిన్న పంపినా. వారం ఆగాల."

"వారమా! ఆడ లేవు, ఈడ లేవు. మరి యాడున్నట్టు?"

"దావలో. లెక్కలో మోసముంటే ఎవరన్నా పట్టుకునేదానికి ఆ గడువు."

"తొందరగా తెచ్చే దావే లేదా?"

జీవిత తల దించుకుంది. "ఉండాది. కమీషన్ శానా అడుగుతారు. ఎప్పుడూ కోత పండుగ ఆరాధన అయినంక కదా ఈరన్న మామ వచ్చేది, అంతలోకి వచ్చేస్తాయనుకున్నా."

నిజమే. చర్చిలో పంట కానుకలు పెట్టి ప్రార్థన చేసుకున్నాకే ఆ వీధి వలసకు కదిలేది. ఈరన్నది వేరే మతమైనా ఏటా వాళ్ల కోసం ఆగేవాడు. మిరపకాయకు ఆ మొహమాటం ఉండదు కదా.

"కమీషన్ మిగిలిచ్చేదానికి మా నోట్లో మన్ను కొట్టినావు!" జ్ఞానమణి గోడకు చేరగిలబడింది. గట్టిగా అరిచే ఓపిక కూడా లేదు పాపం. "బియ్యం అయిపొచ్చె. ఏమయ్యా, మూట కట్టు. పోదాం."

దావీదురాజు గడప దిగబోయాడు. మోకాలు వంగక ద్వారబంధం పట్టుకుని ఆగిపోయాడు. అది చూసి జీవిత తువ్వాలు తలకు చుట్టుకుని గబగబా వెళ్లి బండి ఎక్కింది.

"తప్పు నాది. నాయన బదులు నేనొస్తా మామా."

జ్ఞానమణి పరుగున పోయి కూతురి రెక్క పట్టుకుంది.

"దిగు! మిరపకాయ మంటకు చేతులు కాలిపోతాంటే నేను ఓర్చుకునింది నిన్నీ బండి ఎక్కిచ్చేదానికేనా? ఈరన్నా, నువ్వు పోప్పా. మేం రాము."

"వారమంతా ఏం తింటారమ్మా?" అడిగాడు ఈరన్న.

"పక్కింట్లో బియ్యం అప్పు తెచ్చుకుంటాం. పో."

జీవితను దించి బండి వెళ్లిపోయింది. జీవిత తల్లి భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది.

"అవి వస్తాయమ్మా. నన్ను నమ్ము."

జ్ఞానమణి కొంగుతో ఆమె ముఖం తుడిచింది. తన కళ్లు తుడుచుకోవడం మరిచిపోయింది.

"ఏటేటా నిన్ను హాస్టల్లో ఇడిసిపెట్టి, వస్తామని చెప్పి పోతాంటిమి. నెల్లకు నెల్లు మా కోసం ఎదురు చూసినావు. నీ కోసం మేం ఒక్క వారం చూడలేమా తల్లీ?"