ఆఖరి పేజీలో కృతజ్ఞతలు

ఉదయం 10.20. తొమ్మిది మంది మాయమయ్యారు.

మోకాళ్ళ నొప్పి మాత్ర మీద జరిగిన ట్రయల్‌లో చేరింది నూట అరవై మంది. అచ్చయిన రిపోర్టులో లెక్కకొచ్చింది నూట యాభై ఒక్కరు. మిగతావాళ్ళ గురించి ఒకటే ముక్క: ‘సొంత కారణాలతో తప్పుకున్నారు.’ హాని? ఏమీ లేదట!

మందుల హాని మీద రివ్యూలు రాసే ఆమెను ఆఫీసులో అందరూ భూతద్దం అంటారు. ఇవాళ ఆమెకు కాలు ఒక్కచోట నిలవడం లేదు. నాలుగింటికి మందుకు అనుమతిచ్చే కమిటీ. తను సంతకం పెడితే ఆ మాత్ర ప్రతి ఆసుపత్రికీ వెళుతుంది. దాని కోసం చీటీ పట్టుకుని కూర్చున్నవాళ్ళలో సొంత అక్క కూడా ఉంది.

ఫోన్ మోగింది.

“ఏమే, సంతకం పెట్టేశావా? మెట్లెక్కలేక చస్తున్నా.”

“ఈ ఒక్క పూట ఓర్చుకో అక్కా.”

10.45. ట్రయల్ నడిపిన పెద్ద డాక్టర్‌కు ఫోన్ చేసింది.

“ఆ తొమ్మిది మందీ ఏమయ్యారు సార్?”

“విసుగొచ్చి మానేశారమ్మా.”

“ఫైళ్ళు?”

“పాతవి. ఎక్కడో పడుంటాయి.”

“ఎక్కడ?”

“నా ప్రాణం తీయకమ్మా!” ఫోన్ పెట్టేశాడు.

రిపోర్టు మళ్ళీ తిరగేసింది. ఆఖరి పేజీ దగ్గర ఆగింది. అరే! ఇన్నాళ్ళూ కళ్ళెక్కడ పెట్టుకున్నట్టు? బ్యాగ్ అందుకుని ఆ డాక్టర్ ఆసుపత్రికే పరుగెత్తింది.

4.05. కమిటీ గది. ఎదురుగా పెద్ద డాక్టర్, పక్కన మందుల కంపెనీ మేనేజర్. మేనేజర్ పెన్ను ముందుకు తోశాడు.

ఆమె పెన్ను ముట్టుకోలేదు. “ఆఖరి పేజీ చదువుతారా సార్?”

“అందులో ఏముందమ్మా? కృతజ్ఞతలేగా,” అన్నాడు డాక్టర్.

“ఎవరికి?”

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “డయాలిసిస్ వార్డు సిస్టర్‌కు...”

“మోకాళ్ళ మాత్రకు కిడ్నీల వార్డుతో ఏం పని సార్?”

సిస్టర్ ఇచ్చిన రిజిస్టర్ కాపీని ఆమె బల్ల మీద పరిచింది. తొమ్మిది ట్రయల్ నంబర్లు. తొమ్మిది మందీ అసలు మాత్ర మింగినవాళ్ళే. పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో ఒక్కరూ లేరు.

“నలుగురు ఇప్పటికీ ఆ వార్డుకు వస్తున్నారు. మిగతా ఐదుగురు ఇక రారట.”

“ఇదెక్కడా అచ్చు కాలేదు కదా మేడమ్!” అన్నాడు మేనేజర్.

“కాలేదు కాబట్టే వెతికాను.”

“మర్యాదకు రాశానమ్మా ఆ లైను,” అన్నాడు డాక్టర్ నీరసంగా.

ఆమె పెన్నును వెనక్కి తోసేసింది.

4.40. మళ్ళీ ఫోన్.

“పెట్టావా?”

“లేదక్కా. ఆ మాత్ర మంచిది కాదు. రాదు.”

“మరి నా మోకాళ్ళ గతేంటే? నువ్వు చెల్లెలివా, శత్రువువా?”

పొద్దుటి నుంచీ నిలవని కాలు అప్పుడు కుదురుగా నిలిచింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“తిట్టక్కా,” అంది. “రోజూ ఇలాగే తిట్టు.”