ఇరవై నాలుగో బిళ్ళ

ఆ కొండల్లో ఏడూళ్ళు గాలించినా వామెంగ్ అంతటి గుండెదిటవు గలవాడు దొరకడు. దెయ్యం అరచేతిలో చెయ్యి పెట్టి, మళ్ళీ ఆ చెయ్యి భద్రంగా ఇంటికి తెచ్చుకున్న మొనగాడు. ఈ మాట ఏడూళ్ళలోనూ చెప్పుకు తిరిగింది ఒక్కడే — వామెంగ్. వాళ్ళ వదిన చెప్పే కథ వేరు. చీకటి పడ్డాక పెరట్లోకి పోవాలన్నా కుక్కను తోడు పిలుచుకునేవాడట. కుక్క బద్ధకిస్తే తెల్లారేదాకా ఓర్చుకునేవాడట.

అలాంటివాడు ఒక్కడే, అర్ధరాత్రి, గుర్రం పడ్డ మలుపు దాకా వెళ్ళాడంటే... వెనక నుంచి ఏదో తరిమి ఉండాలి కదా. తరిమింది.

గుర్రం పడ్డ మలుపు పేరు ఆ హ్మోంగ్ తెగ పల్లెల్లో పగలు కూడా గట్టిగా పలకరు. వామెంగ్ వాళ్ళ ఊరికీ, కాయింగ్ అనే అమ్మాయి వాళ్ళ ఊరికీ మధ్య కొండదారి అక్కడ మోచేయిలా వంగుతుంది. పక్కన లోయ. నల్లమందు అమ్ముకుని వెండి బిళ్ళల మూటలతో వస్తున్న వ్యాపారి ఒకడు, తాతల కాలంలో, గుర్రంతో సహా అక్కడే జారిపోయాడట. మనిషి దొరికాడు. గుర్రం దొరికింది. వెండి దొరకలేదు. అప్పట్నుంచీ రాత్రిళ్ళు ఆ మలుపులో... గలగల... గలగల... ఎవరో మూట విప్పి వెతుక్కుంటున్నట్టు.

వామెంగ్‌కి పంతొమ్మిదేళ్ళు. చేతులు ఊరుకున్నా నోరు ఊరుకోదు. ఆ ఏడు కొత్త సంవత్సరం పండక్కి మాత్రం నోటితోపాటు చేతులూ ఊరుకోలేదు.

పండగ మొదటి రోజు బంతులాట. అబ్బాయిలు ఒక వరస, అమ్మాయిలు ఎదురు వరస, మధ్యలో గుడ్డబంతి అటూ ఇటూ. జారవిడిచినవాళ్ళు ఒంటి మీది వస్తువొకటి ఇచ్చుకోవాలి. పాట పాడి విడిపించుకోవాలి. ఆ రోజు కాయింగ్ తన అవ్వ దగ్గర అడిగి తీసుకున్న నడికట్టు కట్టుకొచ్చింది. నల్లగుడ్డ అంచు పొడవునా ఇరవై నాలుగు వెండి బిళ్ళలు. ఫ్రెంచివాళ్ళ కాలంవి, ఒక్కొక్కదాని మీదా తల చుట్టూ కిరణాలతో కూర్చున్న ఆడమనిషి బొమ్మ. అవ్వకి వాళ్ళమ్మ ఇచ్చింది. ఆ అమ్మకి వాళ్ళమ్మ.

"అంత వెండి మోస్తే నడుం విరుగుతుంది పిల్లా," అన్నాడు వామెంగ్. "ఒకటి రెండు బిళ్ళలు ఇటివ్వు, నేను మోసిపెడతాను."

"ముందు నీ నోరు మోసుకో. అదే బరువు," అంది కాయింగ్.

అందరూ బియ్యపు రొట్టెలు కాల్చేచోట గుమిగూడినప్పుడు, ఆమె వెనక నిలబడి, జేబుకత్తితో... ఒక్క దారం. బిళ్ళ అరచేతిలోకి రాలింది. సరదాకే కదా, అని తనకు తానే చెప్పుకున్నాడు. రేపు తెచ్చి, దారిలో దొరికిందని ఇచ్చేస్తే సరి.

ఆ రేపు రాలేదు.

ఆ రాత్రే అవ్వ తన నడికట్టు తిరిగి కట్టుకుని, పొయ్యి దగ్గర కూర్చుని, వచ్చిన చుట్టాలతో నవ్వుతూ నవ్వుతూ... అలాగే పక్కకి వాలిపోయింది.

చావింటికి వెళ్ళి సరదా సంగతి ఎవరికి చెబుతాడు? బిళ్ళకి తాడు గుచ్చి మెడలో వేసుకున్నాడు. చొక్కా లోపల, ఎవరికీ కనబడకుండా. అడుగు వేసినప్పుడల్లా అది రొమ్ము మీద తట్టేది. మెల్లగా. గుర్తు చేస్తున్నట్టు.

పదకొండో రోజు సాయంత్రం వదిన అవతలి ఊరి నుంచి వచ్చింది. వస్తూనే గొంతు తగ్గించింది.

"విన్నావా మరిదీ... రేపు పొద్దున్నే అవ్వ సమాధి తవ్వుతారట."

"ఎందుకు వదినా?"

"నడికట్టు పెట్టెలో దాస్తూ లెక్కపెట్టారట. ఇరవై మూడే ఉన్నాయి. ఒకటి అవ్వ బట్టల్లో పడి మట్టిలోకి వెళ్ళిపోయింది."

ఇంకేం చెప్పనక్కర్లేదు. పోయినవాళ్ళ ఒంటి మీద సూదిమొనంత లోహం కూడా ఉండకూడదు. ఉంటే వాళ్ళు దారి నడవలేరు. ఆ బరువు ఇంట్లో పిల్లల మీద పడుతుంది.

"కాయింగ్ చిన్న తమ్ముడికి నాలుగు రోజులుగా జ్వరం," అంది వదిన. "పూనకం వచ్చి సోది చెప్పే ముసలాయన చూసి, అవ్వ పిడికిట్లో గట్టిదేదో ఉందన్నాడు. అవ్వ ఒంటి మీది వెండి తీసింది కాయింగే కదా... సరిగ్గా చూడలేదని ఇంట్లో ఎవ్వరూ ఆ పిల్లతో మాట్లాడడం లేదు. వసారాలో ఒక్కతే కూర్చుని అన్నం తింటోంది."

వామెంగ్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. చొక్కా లోపల బిళ్ళ... చల్లగా ఉండాల్సిన వెండి... సెగలా తగిలింది.

ఊరు నిద్రపోయాక లేచాడు. ఉపాయం తేలికైనదే. కాయింగ్ వాళ్ళింటి వెనక చెక్కగోడలో సందుంది. దాని అవతలే నడికట్టు దాచిన పెట్టె. బిళ్ళ జారవిడిచి వచ్చేస్తే, పొద్దున్న ఎవరికో ఒకరికి కనబడుతుంది. తన పేరు బయటికి రాదు.

కుక్కను పిలిచాడు. అది ఒక కన్ను తెరిచి, మూసుకుంది.

దారంతా మంచు. టార్చి వెలుగు మూరెడు దూరం పోయి ఆగిపోతోంది. మలుపు దగ్గర పడేకొద్దీ అతని నడక నెమ్మదించింది. మలుపు పైనే అవ్వ కొత్త సమాధి — రాళ్ళు పేర్చి, చుట్టూ వెదురు కంచె.

గలగల...

ఆగాడు. చప్పుడూ ఆగింది.

అడుగు వేశాడు.

గలగల... గల...

మళ్ళీ ఆగాడు. మళ్ళీ ఆగింది. తన మెడలో ఉన్నది ఒక్క బిళ్ళ. ఒక్క బిళ్ళ గలగలమనదు.

టార్చి చేతిలోంచి జారి దొర్లుతూ పోయింది. దొర్లుతూ పోయి, సమాధి వైపు వెలుగు చూపించి ఆగింది. అక్కడ... నల్ల తలపాగాతో, ఒళ్ళో వెండి మెరుస్తూ... ఒక ఆడమనిషి. కూర్చుని ఉంది. బిళ్ళ మీది బొమ్మే లేచి వచ్చి కూర్చున్నట్టు. వేళ్ళు ఒక్కొక్కటిగా కదులుతున్నాయి.

"ఇరవై రెండు..." గుసగుస. "ఇరవై మూడు..."

ఆపైన ఏమీ లేదు. లోయలో గాలి కూడా లేదు.

వామెంగ్ అక్కడే మోకరిల్లాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"అవ్వా... నేనే... నేనే కోశాను. కాయింగ్ తప్పేం లేదు. దాన్నేమీ అనకు. పిల్లాణ్ణి వదిలెయ్యి..."

ఇంకా ఏమేమో చెప్పాడు. తాడు తెంపి, బిళ్ళను చీకట్లోకి చాపాడు. చాలాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత... మంచులా చల్లగా నాలుగు వేళ్ళు అతని అరచేతిని తాకాయి. బిళ్ళ తీసుకున్నాయి.

ఇల్లెప్పుడు చేరాడో అతనికే తెలియదు. దుప్పటి ముసుగు తన్ని పడుకునేసరికి, ప్రాణం తేలికపడ్డట్టయింది. ఇచ్చేశాడు. ఎవరి సొమ్ము వాళ్ళకి చేరింది.

అప్పుడు తట్టింది అతనికి.

ఎవరికిచ్చాడు? పోయినావిడకి. ఏమిచ్చాడు? వెండి. నిన్నటిదాకా సమాధిలో ఏమీ లేదు. అందరూ ఉందనుకున్నారు, అంతే. ఇప్పుడు ఉంది. తనే స్వయంగా తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టి వచ్చాడు. రేపు తవ్వితే బిళ్ళ దొరుకుతుంది. కాయింగ్ తప్పు రుజువైపోతుంది. ఆ పసివాడికి ఏమైనా అయితే...

తెల్లవారుతుండగానే వామెంగ్ మళ్ళీ ఆ దారి పట్టాడు. ఈసారి పరుగున.

అతను చేరేసరికి కంచె విప్పేశారు. నలుగురు మగవాళ్ళు పారలతో ఉన్నారు. కాయింగ్ తాత చోంగ్‌నెంగ్, తన భార్య సమాధి వైపు చూడలేక, లోయ వైపు తిరిగి నిలబడ్డాడు. ఊరి జనం ముప్పై మంది దాకా ఉన్నారు. అందరికీ దూరంగా కాయింగ్, తల వంచుకుని.

మొదటి పార లేచింది.

"ఆగండి," అన్నాడు వామెంగ్. గొంతు కీచుమంది. "బిళ్ళ అవ్వతో వెళ్ళలేదు. నేను కోశాను. ఆటనాడు, కాయింగ్ వెనక నిలబడి."

తాత మెల్లగా ఇటు తిరిగాడు. "ఏదీ?"

"రాత్రి... అవ్వ చేతిలో పెట్టాను తాతా."

ఎవరూ నవ్వలేదు. పార పట్టుకున్నవాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

కాయింగ్ ముందుకొచ్చి పిడికిలి తెరిచింది. బిళ్ళ. దానికి తెగిన తాడు ఇంకా వేలాడుతోంది.

"అవ్వ కాదు, నేను," అంది. "అవ్వనే అడుగుదామని నడికట్టు కట్టుకుని వెళ్ళాను. ఎక్కడ పొరపడ్డానో చూపించమని. నీ చెప్పుల చప్పుడు విని నేనే సగం చచ్చాను."

వామెంగ్ తెగిన ఆ తాడు కొసను పట్టి చూశాడు. తనదే.

"రాత్రే చెప్పొచ్చుగా," అన్నాడు.

"చీకట్లో దెయ్యానికి చెప్పావు. వెలుగులో మనుషులకి చెబుతావా లేదా చూద్దామని ఆగాను. పార మట్టికి తగిలేదాకా ఆగేదాన్ని. ఆ తర్వాత నేనే చెప్పేదాన్ని." కళ్ళు తుడుచుకుంది. "పదకొండు రోజులు, వామెంగ్."



తాత బిళ్ళను తీసుకుని, బొటనవేలితో బొమ్మ మీది మురికి తుడిచాడు. "పారలు దించండి. పిల్లాణ్ణి కొండ కింద ఆసుపత్రికి తీసుకెళదాం," అని, మనవరాలి తల మీద చెయ్యి వేశాడు. తర్వాత వామెంగ్ వైపు చూశాడు. "ఎందుకు కోశావురా?"

"సరదాకి తాతా."

"రాత్రి అలా చెప్పలేదే," అంది కాయింగ్.

ముప్పై తలలూ అతని వైపు తిరిగాయి. వామెంగ్ లోయలోకి చూశాడు. ఏ దెయ్యమూ సాయానికి రాలేదు.

"ఆ రోజు బంతి జారవిడిచాను," అన్నాడు నేలకేసి. "నా గడియారం తన దగ్గరుండిపోయింది. బిళ్ళ దొరికిందని ఇచ్చి, బదులుగా గడియారం అడుగుదామనుకున్నాను."

"పాట పాడి తీసుకోవచ్చుగా," అన్నాడు తాత. "పక్కవాళ్ళ పాటలకి అన్నేసి వంకలు పెడతావు."

"పెడతాను," అన్నాడు వామెంగ్. చెవులు ఎర్రబడ్డాయి. "నాకు మాత్రం ఒక్క పాటా రాదు తాతా."