పది లక్షల మూడు

"ఏమండీ, నా లెక్కలో తప్పు పట్టింది మీరేనా?"

తడిసిన గొడుగును ప్రెస్సు గుమ్మంలో విదిలిస్తూ అడిగింది లెక్కల టీచరు. పిల్లల కోసం ఆమె రాసిన మొదటి పుస్తకం. ఆ మధ్యాహ్నమే అట్ట మెషీనెక్కాలి. ఇంతలో, అట్ట మీది లెక్క తప్పని ప్రూఫ్‌రీడరు అంటున్నాడు, ఉన్నపళంగా రమ్మని ప్రెస్సు నుంచి ఫోను వచ్చింది.

మూడు నెలలుగా ప్రూఫుల అంచున "ఇక్కడ కామా మరిచారండీ" అని పెన్సిలుతో మర్యాదగా రాస్తున్న మనిషి ఏ అరవయ్యేళ్ళ పెద్దాయనో అనుకుందామె. తీరా చూస్తే ముప్పై కూడా దాటని యువకుడు. నోటిదాకా వచ్చిన కోపం కాస్తా తడబడింది.

"నేనేనండీ. 'పది లక్షల ఒకటి: దేనికీ లొంగని ప్రధాన సంఖ్య' అని అట్ట మీద వేశారు. లొంగుతుందండీ."

"దేనికి లొంగుతుంది? రెండుతో పోదు, మూడుతో పోదు, ఏడుతో పోదు, పదమూడుతో..."

"నూట ఒకటితో పోతుంది."

ఆమె ఫోను తీసి భాగించింది. తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి. శేషం సున్నా!

"నెట్‌లో ఎవరో రాస్తే నమ్మేశాను. పిల్లలకేమో స్వయంగా చేసి చూసుకోమని రోజూ చెప్తాను." ఆమె మెషీను గది వైపు చూసింది. "అచ్చయిపోయిందా?"

"లేదండీ, మెషీను ఆపించాను. ఓనరు నన్ను ఇందాకటి నుంచీ ఉతికి ఆరేస్తున్నారు, ఫర్వాలేదు. ఒకటి తీసేసి మూడు పెడదాం. పది లక్షల మూడు ప్రధాన సంఖ్యేనట."

"'అట' వద్దు బాబోయ్! చేసి చూద్దాం."

వెయ్యి వేలు పది లక్షలు కనుక వెయ్యిలోపువి చూస్తే చాలు. వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది. వాటిలో ఏ ఒక్కదానితోనూ పోకూడదు. చెరో ఎనభై నాలుగు పంచుకుని ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. బయట వాన దంచుతోంది. సున్నా వస్తుందేమోనని ఆమె ప్రతిసారీ ఊపిరి బిగబడుతోంది. తలెత్తినప్పుడల్లా అతను తన వంకే చూస్తూ దొరికిపోతున్నాడు.

"ముందు మీ లెక్క చూసుకోండి!"

"నావి అయిపోయాయండీ. దేనితోనూ పోలేదు."

ఆమెకు చివరిది మిగిలింది, తొమ్మిది వందల తొంభై ఏడు. ఒక్కో అంకే నొక్కింది.

"శేషం పన్నెండు! హమ్మయ్య!"

బల్ల మీద తల వాల్చి నవ్వేసింది. అతను లోపలికి పరిగెత్తి అంకె మార్పించి వచ్చాడు. మెషీను చప్పుడు మొదలయ్యాక గానీ తన కళ్ళలో నీళ్ళున్నాయని ఆమెకు తెలియలేదు. అతను రుమాలు అందించాడు.

"తప్పు చెప్తే మీరింక ఈ ప్రెస్సుకు పుస్తకాలు ఇవ్వరేమోనని భయపడ్డానండీ. మీ పేజీలు వచ్చే రోజు నేను గంట ముందే వచ్చి కూర్చునేవాణ్ణి."

ఆమె రుమాలు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"ఆదివారం మా ఇంటికి రండి. నాన్నగారితో మాట్లాడుదురుగాని."

"దేని గురించండీ?"

"కామా పోతే పట్టుకుంటారే, ఈమాత్రం పట్టుకోలేరా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇవాళ మంగళవారమేనండీ!" అన్నాడు కంగారుగా. "ఆదివారం దాకా ఆగాలా?"